కూత ఆగిందా, ఆగలేదా? కబడ్డీ తీర్పుల కథ



మన టెంఘర్‌లో కుర్రాళ్ళ కబడ్డీ పోటీ అయ్యాక ఓడిన జట్టు నోట ఒకటే మాట: "అంపైర్ వాళ్ళ మనిషి." ఈ తగాదా మనతో మొదలైంది కాదు. దీనికీ ఒక చరిత్ర ఉంది.

మన ఊళ్ళలో చెడుగుడు అంటాం. నేను చదివిన తమిళ బడిలో సడుగుడు. ఇక్కడి మరాఠీవాళ్ళకు హుతూతూ, బెంగాలీలకు హాడుడు. పేర్లలాగే పద్ధతులూ వేరు. సంజీవనిలో ఎదుటివాడు అవుటైతే మనవాడు తిరిగి బరిలోకి వస్తాడు. జెమినిలో జట్టంతా అవుటయ్యేదాకా బయటే కూర్చోవాలి. అమర్‌లో అవుటైనవాడూ ఆడుతూనే ఉంటాడు, పాయింటు మాత్రం రాసుకుంటారు. రెండు ఊళ్ళవాళ్ళు తలపడితే గొడవ రాకుండా ఉంటుందా?

అందుకే పుణెలో దక్కన్ జింఖానా, 1923లో బరోడాలో హింద్ విజయ్ జింఖానా నియమాలను కాగితం మీద పెట్టాయి. 1936లో అమరావతి హనుమాన్ వ్యాయామ్ ప్రసారక్ మండల్ వాళ్ళు బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో ఈ ఆట ఆడి చూపించారు. 1950లో అఖిల భారత ఫెడరేషన్ వచ్చింది. చివరికి నిలిచింది సంజీవని.

నియమం ఒకటైంది గానీ వినే చెవి ఒకటి కాదు గదా! కూత ఒక్క ఊపిరిలో, తెగకుండా, స్పష్టంగా వినపడాలి. తెగిందో లేదో తేల్చేది గీత దగ్గర నిలబడ్డ మనిషి. చుట్టూ జనం అరుపులు, పక్కన సాంచాల చప్పుడు. 2014లో మొదలైన ప్రో కబడ్డీలో కూతకు 30 సెకన్ల గడియారం పెట్టారు. గడియారానికి చుట్టాలు లేరు.

విదేశాల్లో మోటార్‌సైకిల్ ట్రయల్స్ అని ఒక పోటీ ఉంది. రాళ్ళూ బురదలో కాలు కింద పెట్టకుండా బండి నడపాలి. ఒకసారి కాలు పెడితే 1 తప్పు పాయింటు, ఆగకూడదనే నియమం ఉన్నచోట బండి ఆగితే 5. చూసి రాసేది జీతం లేని వాలంటీర్లే. ఒకరి కంటికి ఆగిన బండి మరొకరి కంటికి ఆగలేదు. అక్కడా ఇదే తగువు.

పెద్ద పోటీలకూ ఇది తప్పలేదు. 2023 అక్టోబర్ 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో భారత్, ఇరాన్ 28-28 మీద ఉండగా పవన్ సెహ్రావత్ కూతకు వెళ్ళి, ఎవరినీ తాకకుండానే గీత దాటాడు. వెంటబడిన ఇరాన్ ఆటగాళ్ళూ బయటికి వచ్చారు. పాయింట్లు ఎవరికి? పాత నియమం ఒకటి చెబుతుంది, కొత్త నియమం మరొకటి. తీర్పు అటూ ఇటూ మారింది, ఆట చాలాసేపు ఆగిపోయింది. చివరికి మనం 33-29తో గెలిచాం. అంపైర్లు చేతగానివాళ్ళు కాదు. ఏ నియమమో ముందే తేల్చుకోకపోవడం వల్ల వచ్చిన చిక్కు అది.

మన అంపైర్లు పన్నెండు గంటల పాళీ దిగి వచ్చి, పైసా తీసుకోకుండా ఎండలో నిలబడేవాళ్ళు. వాళ్ళను తిడుతూ పోతే రేపు విజిల్ పట్టేవాడే దొరకడు. పిల్లలు కూడా ఆట మానేస్తారు, సందుకొక జట్టుగా విడిపోతారు.

కమిటీ పెద్దలకు నా మనవి మూడే. నియమాలు తెలుగులో ఒక పేజీ రాసి ముందురోజే రెండు జట్లకూ చదివి వినిపించండి. తన సందు జట్టు ఆడే మ్యాచ్‌కు ఎవరినీ అంపైర్‌గా పెట్టకండి. ప్రతి కూతకూ 30 సెకన్లు చూడడానికి గడియారంతో ఒక మనిషిని కూర్చోబెట్టండి. వచ్చే మీటింగ్‌లో దీని మీద మాట్లాడదాం.