సోయాచిక్కుడు - మెట్టసీమ భోజనము

కర్నూలు, కడప సీమల వంటయిండ్లలో జొన్నసంకటి, కొర్రన్నము, ఉలవచారు, వేరుశనగ పచ్చడి తరతరములుగా నున్నవి. కొంతకాలముగా వీని సరసన మరియొక వస్తువు చేరినది. అంగడిలో దానిని మీల్‌మేకర్ అందురు. నూనె తీసిన సోయాచిక్కుడు పిండితో చేసిన ముద్దలవి. మాంసము కొనలేని దినమున దానికి మారుగా వీనిని వండుకొనువారు కలరు. దీనిని నిత్యము తినవచ్చునా, పిల్లలకు పెట్టవచ్చునా అని తల్లులు సందేహించుట సహజము. ప్రశ్న క్రొత్తదిగా తోచును గాని, దీని వేళ్లు ఈ సీమ చరిత్రలోనే యున్నవి.

1876-78 సంవత్సరముల మహాక్షామము, మన పెద్దలు ధాత కరువని చెప్పుకొన్నది, కర్నూలు, కడప, బళ్లారి మండలములను దారుణముగా పీడించెను. కరువు పనులకు వచ్చిన వారికి ఎంత కూలి ఈయవలెనను వివాదము అప్పుడు పుట్టెను. 1877 జనవరిలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించెను. మద్రాసు రాజధాని శానిటరీ కమిషనరైన డాక్టర్ కార్నిష్ దీనిని గట్టిగా ప్రతిఘటించెను. కష్టించు శరీరమునకు ఆ గింజలు చాలవనియు, కండను నిలుపు పప్పుదినుసులు కూడ వలయుననియు ఆయన వాదించెను. ఆ యేడే మద్రాసు ప్రభుత్వము కూలిని పెంచవలసివచ్చెను. కడుపు నిండుట వేరు, శరీరము నిలుచుట వేరు అను సత్యమును మన సీమవారు ప్రాణములు కోల్పోయి లోకమునకు తెలిపిరి.

ఆ సత్యమును శాస్త్రరీత్యా పరిశీలించుటకు మరి నలువది యేండ్లు పట్టినది. 1918లో రాబర్ట్ మెక్కారిసన్ కూనూరులో ప్రారంభించిన చిన్న పరిశోధనశాల క్రమముగా దేశమునకంతటికి ఆహారవిజ్ఞాన కేంద్రమైనది. 1935లో దానికి అధిపతిగా డాక్టర్ ఐక్రాయిడ్ వచ్చెను. ఆ సంవత్సరముననే గాంధీజీ వార్ధాలోని మగన్‌వాడిలో సోయాచిక్కుడును భోజనమున చేర్చి, తన అనుభవమును హరిజన్ పత్రికలో వ్రాసిరి. కూనూరువారు పిల్లలపై పరీక్షలు జరిపి 1937లో ఫలితములను ప్రకటించిరి. వెన్న తీసిన పాలు త్రాగిన పిల్లలు బాగుగా పెరిగిరి; సోయా తిన్న పిల్లలలో అట్టి పెరుగుదల కానరాలేదు. సోయా విషమని దీని యర్థము కాదు. అది పాలకు సాటి రాలేదని మాత్రమే.

ఆ పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 1969 నుండి అది జాతీయ పోషకాహార సంస్థ. అచ్చట డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతయ్య జొన్నయే ప్రధానాహారముగా గల పేదలలో కనిపించు పెల్లాగ్రా వ్యాధిని పరిశీలించి, 1960లో తమ అభిప్రాయమును వెల్లడించిరి. ఎండ తగులు చోట చర్మము నల్లబడి పొలుసులూడుట, విరేచనములు, మనోవైకల్యము ఆ వ్యాధి లక్షణములు. జొన్నలో అధికముగా నుండు ల్యూసిన్ అను పదార్థము దీనికి తోడ్పడుచున్నదని వారు భావించిరి. అంతమాత్రమున జొన్న దోషి కాదు. పప్పు, పాలు, ఆకుకూర లేని ఒంటి జొన్నయే దోషి.

మన వేరుశనగ సంగతియు నిట్టిదే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చెను. వాని మేతలోని వేరుశనగ పిండికి పట్టిన బూజు అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించినదని పిమ్మట తేలినది. తప్పు గింజది కాదు, చెమ్మది. మన చేని పంటయే కదా యని బూజుపట్టిన కాయను తినరాదు.

ఈ వెలుగులో సోయాను చూతము. పచ్చి సోయాగింజలో మాంసకృత్తుల జీర్ణమును అడ్డగించు పదార్థము కలదు. బాగుగా ఉడికించిన నది చాలవరకు నశించును. మీల్‌మేకర్ తయారీలోనే వేడిమి తగులును. సోయాలో స్త్రీహార్మోనును కొంత పోలిన ఐసోఫ్లేవోనులు కలవు గనుక పురుషులకు కీడు కలుగునను భయము వ్యాపించినది. మనుష్యులపై జరిగిన పరీక్షలలో ఆ భయము నిజమని తేలలేదు. చీనా, జపాను దేశములవారు శతాబ్దములుగా సోయాను వివిధరూపముల భుజించుచున్నారు. అయినను థైరాయిడ్ మాత్రలు వాడువారు మాత్రకును సోయాకును నడుమ కొన్ని గంటల వ్యవధి నుంచవలెను. సోయా వలన మాత్ర సరిగా ఒంటబట్టకపోవచ్చును. సోయా పడనివారు దానిని పూర్తిగా మానవలెను.

కావున ఆరోగ్యవంతులు బాగుగా వండిన సోయాను మితముగా తరచు తినవచ్చును. ఎదుగు పిల్లలకును కూరలో కొలదిగా పెట్టవచ్చును. కాని దానిని చూచి ఉలవను, కందిని, అలసందను, చేని గట్టున దొరకు ఆకుకూరను విడువరాదు. ధాత కరువు మొదలు పెల్లాగ్రా వరకు ఈ మెట్టసీమ చరిత్ర బోధించిన దొక్కటే: ఏ గింజయు ఒంటరిగా మనిషిని పోషింపలేదు. పళ్లెములో నాలుగు రకములుండవలెను. ఆ నాలుగింటిలో సోయా యొకటి కావచ్చును.