ఇంటిలోని తుపాకిమందు

మన పల్లెలలో పంటచేలపై బడు అడవిపందులకై లైసెన్సు తుపాకి నుంచుకొను గృహస్థులు నేటికిని గలరు. తుపాకిని బీరువాలో బెట్టి తాళము వేయుట వారెల్లరు నెఱుగుదురు. దాని మందును, కేపులను, తూటాలను ఎచట నుంచవలెనను ప్రశ్న మాత్రము చాల యిండ్లలో నెవరును వేసికొనరు. నా బాల్యమున నేను జూచిన యొక యింట మందుబుడ్డి పొయ్యికి సరిగా పైనున్న అటకమీద నుండెడిది. వానకాలమున మందు చెమ్మగిలకుండుటకై ఆ యింటి పెద్ద చేసిన యేర్పాటది. చెమ్మకు వెఱచి నిప్పును మఱచినాడు. ఆయనను జూచి నవ్వుకొనుటకు ముందు, ఇట్టి పనినే యొక గొప్ప పట్టణము చేసిన వృత్తాంతమును వినుడు.

హాలెండు దేశమున డెల్ఫ్టు అను పట్టణము గలదు. స్పెయిను రాజుతో దీర్ఘకాలము పోరాడిన యా దేశమువారికి, మందు శత్రువుల చేత బడునేమో యను భయము మెండు. కావున దానిని ప్రాకారము లోపలనే, సన్న్యాసినులు విడిచిన యొక మఠపు స్థలమున దాచిరి. ఆ కొట్టునకు ‘హాలెండు రహస్యము’ అని పేరు. చుట్టును సంసారుల యిండ్లు. 1648లో యుద్ధము ముగిసినది. మందు మాత్రము కదలలేదు. 1654 అక్టోబరు 12వ తేది సోమవారము ఉదయమున కొట్టు అధికారి తనిఖీకై తలుపు తెఱచెను. లోపల నేమి జరిగెనో చెప్పుటకు ఎవరును మిగులలేదు. టన్నులకొలది మందు పేలి, పట్టణములో నొక భాగము నేలమట్టమయ్యెను. నూఱుమందికి పైగా మరణించిరి, గాయపడినవారు వేలు. ఆనాడు పలువురు పొరుగూళ్ళ సంతకును, జాతరకును పోయియుండిరి గాని, లేనిచో చావులు మఱింత హెచ్చెడివి. రెంబ్రాంటు శిష్యుడైన కేరల్ ఫేబ్రీషియస్ అను చిత్రకారుడు తన యింట చిత్రము వ్రాయుచుండగా గోడలు కూలి, 32వ యేట మరణించెను. ఆ సంవత్సరముననే ఆయన వ్రాసిన చిన్న పక్షి పటము హేగు నగరమున నిప్పటికిని జూడవచ్చును.

అటుపిమ్మట 1660లో క్రొత్త మందుకొట్టును ఊరికి దూరముగా, చుట్టును నీరుండునట్లు కట్టిరి. పేలిన చోట ఇండ్లు కట్టక గుఱ్ఱాల సంతకు విడిచిరి.

నల్లమందులో సురేకారము మూడుపాళ్ళు, మిగిలిన పాలు బొగ్గును గంధకమును. మండుటకు వలయు ప్రాణవాయువు సురేకారముననే యున్నది. మూతపెట్టినచో దీపమాఱునట్లు మందు ఆఱదు. మూత గట్టిదైనకొలది పేలుడు హెచ్చును. ఇనుము రాచుకొన్న నిప్పురవ్వ చాలును. అందుచేతనే పూర్వపు కొట్లలో రాగి పనిముట్లు వాడుచుండిరి. ఇంగ్లాండులో 1875నాటి శాసనము స్వంతవాడుకకై ఇంటనుంచు మందును 30 పౌనులకు పరిమితము చేసెను. మన దేశమున 1884లో పేలుడు పదార్థముల చట్టము వచ్చెను.

1884లోనే ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వియేయ్ పొగరాని మందును కనిపెట్టెను. నేటి తూటాలలో నుండునది ఆ జాతి మందే. అది ఆరుబయట భగ్గున మండును, బిగించిన పెట్టెలో పేలును. దొంగలకు వెఱచి దానిని మందమైన యినుపపెట్టెలో బిగించుట, అటకమీది బుడ్డికి తమ్ముడే. అంగడివారిచ్చిన పలుచని డబ్బాలోనే, చల్లని పొడిచోట, పిల్లల కందకుండ చెక్కపెట్టెలో తాళమువేసి యుంచవలెను. కేపులు దెబ్బ తగిలిన మండునవి. వానిని వచ్చిన అట్టపెట్టెలోనే మందునకు దూరముగా, వేఱొక గదిలో నుంచుట మేలు. లైసెన్సు చెప్పిన లెక్కకు మించి కొనరాదు.

ఇక వయస్సు సంగతి. పొగరాని మందు ఏండ్లు గడచినకొలది తనంతట తానే చెడి, వేడెక్కి, ఒక్కొకప్పుడు అంటుకొనును. 1907 మార్చి 12వ తేదిని తూలోను రేవులో ‘ఇయేనా’ యను ఫ్రెంచి యుద్ధనౌక పేలి నూఱుమందికి పైగా మరణించినప్పుడు, అనుమానము పాతబడిన మందుపైననే పడినది. 1911 సెప్టెంబరు 25న అదే రేవులో ‘లిబెర్తే’ నౌకయు నట్లే పోయినది. ఆ నౌకలకు కావలివారికి కొదవలేదు.

అందుచేత డబ్బాపై కొన్న తేది వ్రాసియుంచుడు. మూత తీయగా పుల్లని ఘాటైన వాసన వచ్చినను, ఎఱ్ఱని పొగ కనబడినను దానిని వాడకుడు, పొయ్యిలో బోయకుడు, లైసెన్సుగల వర్తకునికైనను పోలీసువారికైనను కబురు పంపుడు.