ఆకుకూర నుండి రక్తమునకు: ఇ విటమిను చరిత్ర

తినినదంతయు ఒంటబట్టదని మన పెద్దలు అనుచుందురు. ఈ మాటకు ఇ విటమిను చరిత్ర మంచి నిదర్శనము. ఆ విటమిను ఏయే మొక్కలలో నున్నదో శాస్త్రజ్ఞులు త్వరలోనే తెలిసికొనిరి. అది ఏ త్రోవను మన రక్తమును చేరునో, చేరిన దానిలో ఏది నిలుచునో తెలియుటకు మాత్రము డెబ్బది సంవత్సరములకు పైగా పట్టినది.

1922లో అమెరికాయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున హెర్బర్ట్ ఎవాన్స్, కాథరిన్ బిషప్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఎలుకలకు కొలత ప్రకారము కూర్చిన ఆహారమును పెట్టి పరిశీలించిరి. ఎలుకలు చక్కగా పెరిగినవి, చూలు నిలిచినది, కాని పిల్లలు గర్భమునందే నశించినవి. ఆ ఆహారమునకు లెట్యూస్ అను ఆకుకూరను చేర్చగా పిల్లలు సజీవముగా పుట్టినవి. గోధుమ అంకురమునకును ఈ గుణము కలదని పిమ్మట తేలినది. 1924లో బార్నెట్ స్యూర్ దీనికి ఇ విటమిను అని పేరిడెను. 1936లో ఎవాన్సు బృందము గోధుమ అంకురముల నూనె నుండి దానిని వేరుచేసి టోకోఫెరాల్ అని పిలిచెను. గ్రీకు భాషలో ‘టోకోస్’ అనగా ప్రసవము. ‘ఫెరీన్’ అనగా వహించుట. ఎలుకల కథయే ఆ పేరులో నిలిచియున్నది.

ఇది ఒకే పదార్థము కాదని క్రమముగా తెలియవచ్చినది. టోకోఫెరాలులు నాలుగు, వానికి దగ్గరి చుట్టములైన టోకోట్రైయినాలులు నాలుగు, వెరసి ఎనిమిది. ఆకుకూరలలోను, పొద్దుతిరుగుడు నూనెలోను ఆల్ఫా అను రకము ముఖ్యము. నువ్వులలో గామా అధికము. వేరుసెనగ నూనెలో ఈ రెండును కలవు. తవుడు నూనెలో టోకోట్రైయినాలులు కూడ లభించును.

ఇవి యన్నియు నీటిలో కరుగక క్రొవ్వులో మాత్రమే కరుగును. అందుచేత వీని ప్రయాణము క్రొవ్వుతోడిదే. మనము తినిన నూనె చిన్న ప్రేవును చేరగానే క్లోమరసము దానిని జీర్ణము చేయును. కాలేయము నుండి వచ్చు పైత్యరసము ఆ క్రొవ్వును మిక్కిలి సూక్ష్మమైన బిందువులుగా మార్చును. విటమిను ఆ బిందువులలో చేరి ప్రేవు గోడలోని కణములకు అందును. అచ్చట క్రొవ్వుతో కలిసి మూటగట్టబడి, శోషరస నాళముల గుండ రక్తమున ప్రవేశించి, తుదకు కాలేయమును చేరును.

ఇంతవరకు ఎనిమిది రకములకును త్రోవ ఒక్కటియే. కాలేయమునందు మాత్రము వడపోత జరుగును. అచ్చటి ఒకానొక మాంసకృత్తు ఆల్ఫా టోకోఫెరాలును ఏరి, మరల రక్తములోనికి పంపును. తక్కిన రకములలో అధికభాగము విచ్ఛిన్నమై విసర్జింపబడును. నువ్వులలోని సెసమిన్ అను పదార్థము గామా రకము విచ్ఛిన్నమగుటను మందగింపజేయును. నువ్వులు తినినవారి రక్తములో ఆ రకము పెరుగుట 2001లో ప్రకటింపబడిన పరిశోధనలో కనబడినది.

ఈ త్రోవలో ఎచ్చట అడ్డు కలిగినను నష్టము తప్పదు. పుట్టుకతోనే పైత్యనాళము మూసికొనిన శిశువులకు ఆహారమున విటమిను ఎంత యున్నను అందదు. నాడులు దెబ్బతిని నడక తడబడును. మరికొందరికి పైత్యరసము సరిగనే యుండును, విటమిను ప్రేవులను దాటును, అయినను రక్తమున నిలువదు. పైన చెప్పిన మాంసకృత్తునకు సంబంధించిన జన్యువులో లోపమే దీనికి కారణమని 1995లో స్థిరపడినది. కారణము తెలిసినందున, పెద్ద మోతాదులో విటమిను నిచ్చి ఇట్టి బిడ్డలలో వ్యాధి ముదురకుండ ఆపుట సాధ్యమైనది.

ఇక మన నగరపు సంగతి. ముషీరాబాదుకు తూర్పున, ఉస్మానియా విశ్వవిద్యాలయము చెంత, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరు పాశ్చర్ సంస్థలో ఒక్క గదిలో రాబర్ట్ మెక్ కారిసన్ ప్రారంభించిన బెరిబెరి పరిశోధనయే దీనికి మూలము. అది 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది; 1969లో నేటి పేరు పొందినది. ఇచ్చటి వినోదినీ రెడ్డి గారు మొదలగువారు ఆకుకూరలలోని కెరోటిన్ పిల్లలకు ఎంతవరకు అందుచున్నదో పరీక్షించి 1980లో ఫలితములు వెల్లడించిరి. ఆకుకూరతో కొంచెము క్రొవ్వును చేర్చినప్పుడు ఎ విటమిను రక్తములో మరింత పెరిగినది. కెరోటినును క్రొవ్వులో కరుగునదే. ప్రేవులను దాటుటకు దానికిని ఇ విటమినుకును బాట యొకటియే. ఈ సంస్థ 2017లో ప్రకటించిన భారతీయ ఆహార పట్టికలలో 528 పదార్థముల వివరములు గలవు. అందు టోకోఫెరాలులు, టోకోట్రైయినాలులు రకమునకు రకముగా లెక్కింపబడినవి.

అయితే పట్టికలోని అంకె పళ్లెములోనిదే కాని రక్తములోనిది కాదు. తోటకూర కట్ట చౌక యని బిడ్డకు నూనెచుక్క లేకుండ ఉడికించి పెట్టిన ఇంటిలో, కూర తినినను దాని ఫలములో కొంత వ్యర్థమగును. ఆకుకూర పప్పునకు నూనెతో తిరుగమోత పెట్టుట కేవలము రుచికొరకే యని తలపరాదు. బీదయింటి బిడ్డకు కూరతోబాటు ఒక చెంచాడు నూనె అందునట్లు చూచుట కూడ పోషణలో భాగమే.