తాతలు ఎరుగని కారం: సెవిల్లె, లిస్బన్ రేవుల నుండి బందరు దాకా



ఇటీవల మన డెల్టా కుటుంబాల వారు స్పెయిన్, పోర్చుగల్ దేశాల యాత్రలకు బాగానే వెళ్తున్నారు. విజయవాడ నుండో, తెనాలి నుండో బయలుదేరే ఆ పెట్టెల్లో కందిపొడి, గోంగూర పచ్చడి, కారప్పొడి తప్పక ఉంటాయి. తిరిగి వచ్చాక చెప్పే మాట కూడా దాదాపు ఒక్కటే: సముద్రతీరం బాగుంది, కోటలు బాగున్నాయి, తిండి మాత్రం చప్పగా ఉంది. విన్నప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. వారు తిరిగి వచ్చిన ఆ రేవుల ఓడల మీదనే మన కారం మనకు వచ్చింది.

ఈ సంగతి ముచ్చటకు మాత్రమే చెప్పడం లేదు. "పూర్వులు తిన్నదే తినండి, రోగాలు రావు" అనే ఉపదేశం ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తున్నది. మంచిదే. కాని ఏ పూర్వులు? ఎన్ని తరాల వెనుకటివారు? లెక్క అయిదు వందల ఏళ్ళ దాకా తీసుకువెళితే మన కంచంలో సగం ఖాళీ అవుతుంది. మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, మొక్కజొన్న, జామ, బొప్పాయి, అనాస, జీడిమామిడి, ఎర్ర గుమ్మడి ఇవన్నీ అమెరికా ఖండాల మొక్కలు.

క్రీ.శ. 1515 ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో మన ప్రాంతానికి వచ్చాడు. విజయవాడలో కొన్ని రోజులుండి, కృష్ణ ఒడ్డున ఘంటసాల సమీపంలోని శ్రీకాకుళానికి పోయి ఆంధ్రమహావిష్ణువును సేవించానని, స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని ఆముక్తమాల్యద అవతారికలో రాసుకున్నాడు. ఆ కావ్యంలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి వడ్డించే భోజనాల వర్ణన ఉంది. చలికాలపు వడ్డనలో మిరియాల పొడి వేసిన వేడి కూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్ళు కనిపిస్తాయి. మిరపకాయ కనిపించదు. మన ఆయుర్వేదంలో త్రికటువు అంటే శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు. చరక సుశ్రుతులకు తెలిసిన ఘాటు అదే. మిరపను వారు ఎరుగరు.

ఇప్పుడు అటువైపు తీరానికి రండి. స్పెయిన్ దక్షిణ తీరంలో పాలోస్ అనే చిన్న రేవు ఉంది. 1492 ఆగస్టు 3న కొలంబస్ మూడు ఓడలతో అక్కడి నుండే బయలుదేరాడు. అతడు వెతికినది మన మిరియాల దేశాన్ని. చేరింది మరొక చోటికి. అక్కడి ప్రజలు తినే ఒక ఎర్రని కాయను రుచి చూసి, ఇది వీరి మిరియమని, మన మిరియం కంటే మేలైనదని దినచర్యలో రాసుకున్నాడు. మరుసటి ఏడు రెండవ యాత్రలో సెవిల్లెకు చెందిన డియేగో ఆల్వారెజ్ చాంకా అనే వైద్యుడు వెంట వెళ్ళాడు. ఆ దీవులవారు దుంపలను, చేపలను ఈ ఘాటైన కాయతో కలిపి తింటారని సెవిల్లె నగర పెద్దలకు లేఖ రాశాడు. మిరపను గురించి ఐరోపాకు అందిన తొలి వార్తలలో ఒకటి వైద్యుడు రాసినది కావడం మా వృత్తివారికి కొంత గర్వకారణమే.

పేర్లను గమనించండి. స్పానిష్ భాషలో మిరియాన్ని పిమియెంతా అంటారు. కొత్త కాయకు పిమియెంతో అని పేరు పెట్టారు. వేల మైళ్ళ దూరంలో మన వారు కూడా, వారితో ఏ సంప్రదింపూ లేకుండా, మిరియానికి దగ్గరగా వినిపించే మిరప అనే మాటనే వాడుకున్నారు. నాలుకకు తెలిసిన ఘాటు అదొక్కటే గదా!

సెవిల్లెలోనే నికొలాస్ మొనార్దెస్ అనే మరొక వైద్యుడుండేవాడు. 1565 నుండి 1574 వరకు, కొత్త ఖండం నుండి వచ్చే ఔషధ ద్రవ్యాలపై మూడు భాగాల గ్రంథం ప్రచురించాడు. అప్పటికే మిరప లేని పెరడు తమ ఊరిలో లేదని, కాయల అందం కోసం కూడా పెంచుతున్నారని అందులో రాశాడు. ఆయన మళ్ళీ మనకు ఎదురవుతాడు, మరింత బరువైన సందర్భంలో.

సెవిల్లె నుండి లిస్బన్‌కు వెళితే యాత్రికులందరూ చూసేది బెలెం తీరం. వాస్కో డ గామా 1497 జూలైలో అక్కడ ఓడ ఎక్కి, 1498 మే నెలలో కోళిక్కోడు చేరాడు. అతని సమాధి ఉన్న జెరోనిమోస్ మఠాన్ని సుగంధ ద్రవ్యాల వ్యాపారంపై విధించిన పన్నుతో కట్టారు. కళ్ళు తిప్పుకోలేని ఆ రాతి చెక్కడాలలో మలబారు మిరియాల సొమ్ము ఉన్నదన్నమాట. అయితే వైద్యుడి కన్ను చూసేది వేరు. డ గామాతో వెళ్ళిన సుమారు 170 మందిలో సగానికి పైగా తిరిగి రాలేదు. తిరుగు ప్రయాణంలో అరేబియా సముద్రం దాటడానికి మూడు నెలలు పట్టింది. చిగుళ్ళు వాచి, రక్తం కారి, కాళ్ళు పొంగి నావికులు మరణించారు. అది విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీ. ఆ తరువాత రెండున్నర శతాబ్దాలు సముద్రం మీద ఆ వ్యాధి మనుషులను తింటూనే ఉంది. ఆ ఓడల దారినే దేశదేశాలకు పాకిన పచ్చిమిరపలో, బరువుకు బరువు తూస్తే, నారింజ కంటే ఎక్కువ విటమిన్ సి ఉన్నదని అప్పుడు ఎవరికీ తెలియదు. హంగరీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్ జార్జి విటమిన్ సి ని పెద్ద మొత్తంలో వేరు చేసింది తమ దేశపు మిరప జాతి కాయ నుండే. ఆయనకు 1937లో నోబెల్ బహుమతి వచ్చింది.

పోర్చుగీసువారు 1510లో గోవాను ఆక్రమించారు. రాయలవారు వారి వద్దనే గుర్రాలు కొన్నారు. పశ్చిమ తీరంలో దిగిన మిరప అక్కడి నుండి దేశమంతా పాకింది. తూర్పు తీరంలో మైలాపూరు శాంథోం వారి స్థావరం కాగా, మన బందరు గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తకశాలలు తెరిచారు. బందరు వెళ్ళినవారు లడ్డూ కొనుక్కొని తిరిగి రాకుండా, డచ్చివారి సమాధుల తోటను కూడా ఒకసారి చూడండి. ఓడలు తెచ్చినవి సరుకులే కాదు, మాటలు కూడా. అనాస, బొత్తాము, పీపా, తువ్వాలు, మేస్త్రీ ఇవన్నీ పోర్చుగీసు మాటల నుండి మన నోట నానినవే.

మిరప ఇంత త్వరగా మనదై పోవడానికి కారణం సులభం. మిరియం మలబారు నుండి రావాలి, కొనాలి. మిరప మొక్క పేదవాని పెరటిలో కూడా కాస్తుంది. వట్టి అన్నం కూడా ఒక్క కాయతో లోపలికి దిగుతుంది. అయినా పాత జ్ఞాపకం పూర్తిగా చెరగలేదు. తద్దినం నాడు చాలా ఇళ్ళలో ఇప్పటికీ మిరియాలతోనే వంట చేస్తారు. టమాటా, బంగాళాదుంప వంటింటి గడప దాటవు. పితృదేవతలకు వారికి తెలిసిన భోజనమే పెడుతున్నారన్నమాట. ఇక మన ఆవకాయ పేరు చూడండి. దానిలో ఉన్నది ఆవ. ఎర్రగా కనిపించే కారానికి పేరులో చోటు లేదు. అది తరువాత వచ్చి, పెత్తనం చేస్తున్న చుట్టం.

వైద్యుణ్ణి గనుక మిరపపై నా అభిప్రాయం చెప్పాలి. కారం తింటే కడుపులో పుండ్లు పడతాయన్నది పాత నమ్మకం. జీర్ణకోశ వ్రణాలలో ఎక్కువ భాగానికి కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి, నొప్పుల మాత్రలు. ఆ సూక్ష్మజీవిని గుర్తించిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అయితే పుండు ఉన్నవారికి, గుండెమంట ఉన్నవారికి కారం బాధను పెంచుతుంది. నిజానికి నా భయం కారం గురించి కాదు, దానితో పాటు వచ్చే ఉప్పు గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. రెండు పూటలా పచ్చడితో మొదలుపెట్టి, పెరుగన్నంలో ఊరమిరపకాయ నంజుకునే మన అలవాటుకు ఆ హద్దు ఎక్కడ నిలుస్తుంది? రక్తపుపోటు ఉన్నవారు కారాన్ని కాదు, పచ్చడి జాడీని దూరం పెట్టాలి. పచ్చిమిరపలోని విటమిన్ సి ఎండబెట్టిన కాయలో చాలా వరకు నశిస్తుంది. సరిగా ఆరని మిరపకాయలకు పట్టే బూజులో కాలేయానికి హాని చేసే అఫ్లటాక్సిన్ ఉండవచ్చు. కనుక మెత్తబడిన, నల్లమచ్చలున్న కాయలను ఏరి పారవేయండి. చవకగా వచ్చాయని దంచవద్దు.

అదే ఓడలలో వచ్చిన మరొక మొక్క గురించి ఇంత తేలికగా మాట్లాడలేను. మొనార్దెస్ మిరపను మెచ్చుకున్నాడు గాని, ఆయన అసలు మక్కువ పొగాకు మీద. తలనొప్పి, ఉబ్బసం, దంతవ్యాధులు, గాయాలు మొదలుకొని ఇరవైకి పైగా రుగ్మతలకు అది మందని రాశాడు. అంతకు కొంచెం ముందు లిస్బన్‌లో ఫ్రాన్సు రాయబారిగా ఉన్న ఝాన్ నికో పొగాకును తమ రాజసభకు ఔషధంగా పంపాడు. నికోటిన్ పేరు ఆయనదే. వైద్యుల సిఫారసుతో ప్రపంచమంతా తిరిగిన విషమది. 1620 ప్రాంతానికే మన తీరంలో పొగాకు విరివిగా పండుతున్నదని, మోఖాకు, అరకానుకు ఓడల్లో పోతున్నదని బందరులోని ఆంగ్ల వర్తక ప్రతినిధి విలియం మెథ్వోల్డ్ రాశాడు. అనాసలాగా దీనికి పరాయి పేరు కూడా నిలవలేదు. పొగ, ఆకు, రెండు తెలుగు మాటలు కలిపి మనదే అన్నట్లు పేరు పెట్టుకున్నాము.

సెవిల్లెలో పద్దెనిమిదవ శతాబ్దంలో కట్టిన రాజ పొగాకు కర్మాగారం ఇప్పుడు విశ్వవిద్యాలయ భవనం. మన వైపు, కృష్ణ దాటి గుంటూరు వెళితే మిర్చి యార్డు ఉంది, 1976 నుండి పొగాకు బోర్డు కార్యాలయం కూడా అక్కడే ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో స్త్రీలు చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకొని అడ్డపొగ తాగుతారు. వారిలో అంగిలి కాన్సరు ఎక్కువగా కనిపిస్తుందని వైద్య పరిశోధనలు ఏనాడో తేల్చాయి. గుట్కా, ఖైనీ నమిలేవారికి బుగ్గ లోపల, నాలుక పక్కన వస్తుంది. నోటిలో తెల్లమచ్చ గాని, ఎర్రమచ్చ గాని, మూడు వారాలు దాటినా మానని పుండు గాని ఉంటే, నొప్పి లేదని ఊరుకోవద్దు. తొలి దశలో నొప్పి ఉండకపోవచ్చు. కారం తగిలినప్పుడు కొత్తగా మంట పుట్టడం, నోరు మునుపటిలా తెరుచుకోకపోవడం కూడా గమనించవలసినవే. దంతవైద్యునికి గాని, చెవి ముక్కు గొంతు వైద్యునికి గాని చూపించి, అవసరమంటే చిన్న ముక్క తీసి పరీక్ష చేయించుకోండి.