పొర మీద పొర: పలుచని రేకుల ప్రస్థానం

బలమైన లోహం తుప్పుకు లొంగుతుంది. తుప్పుకు లొంగనిది మెత్తగానో ఖరీదుగానో ఉంటుంది. వేడిని ఒక ద్రవం నుంచి మరొక ద్రవానికి దాటించే హీట్ ఎక్స్ఛేంజర్లు తయారు చేసేవాళ్లకు ఈ చిక్కు రెట్టింపు. గోడ పలుచనైన కొద్దీ బరువు, ఖరీదు తగ్గుతాయి, ఉన్న చోటులోనే ఎక్కువ గోడలు ఇముడుతాయి. కాని చిల్లు పడడానికి పట్టే కాలమూ అంత తగ్గుతుంది. అన్ని గుణాలూ ఉన్న ఒకే లోహం కోసం వెతకడం మాని, పనులను పొరలకు పంచిపెట్టాక గాని ఈ చిక్కు వీడలేదు.

పంచిపెట్టడమన్న ఆలోచన పాతదే. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుము పడుతుందని లోపల తగరపు కళాయి పూయించిన మన ముందుతరాల ఇల్లాళ్లకు అది తెలుసు. ఇంగ్లండులోని షెఫీల్డులో థామస్ బోల్సోవర్ 1743 ప్రాంతంలో వెండి, రాగి రేకులను వేడితో అతికించి, రెండూ ఒకే రేకులా సాగుతాయని గమనించాడు. ఆయన చూపు వెండి సామాన్ల బేరం మీదనే ఉన్నా, అతికిన పొరలు రోలర్ల కింద నలిగినా విడిపోవన్న సంగతి తరువాతి కథకంతటికీ పునాది. రెండో పునాది 1824లో పడింది. బ్రిటిష్ నౌకాదళ ఓడల అడుగున తొడిగిన రాగి రేకులు సముద్రజలంలో అరిగిపోకుండా సర్ హంఫ్రీ డేవీ వాటికి జింకు, ఇనుము ముక్కలు తగిలించాడు. రాగి నిలిచింది, జింకు కరిగింది. అయితే నీటిలోకి కరిగే రాగే అంతవరకు నత్తగుల్లలను ఓడకు దూరంగా ఉంచేదట! రాగి కరగడం ఆగగానే అవి అడుగంతా పట్టి ఓడల వేగం తగ్గించాయి, నౌకాదళం ఆ పద్ధతిని పక్కన పెట్టింది. ఓడల మాట ఎలా ఉన్నా, ఒక లోహం తాను కరిగి పక్కదాన్ని కాపాడగలదన్న సూత్రం శాస్త్రానికి దక్కింది.

ఈ రెండు పునాదులూ కలిసింది విమానాల కోసం. జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ 1906 ప్రాంతంలో కనిపెట్టిన డ్యూరాల్యూమిన్ తేలికగా, గట్టిగా ఉండేది గాని ఉప్పుగాలి తగిలితే లోలోపలే గుల్లబారేది. అమెరికాలోని ఆల్కోవా సంస్థలో ఎడ్గర్ డిక్స్ 1927లో దానికి రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొరను రోలింగుతోనే అతికించాడు. ఆ రేకు పేరు ఆల్‌క్లాడ్. పైపొర గీసుకుపోయి లోపలి లోహం బయటపడ్డా చుట్టూ ఉన్న అల్యూమినియం ముందుగా కరుగుతూ దాన్ని కాపాడేది. డేవీ జింకు ముక్క పొరగా మారిందన్నమాట.

ఈలోగా హీట్ ఎక్స్ఛేంజర్లు తమ దారిన ఎదుగుతున్నాయి. 1900-01లో విల్హెల్మ్ మేబాఖ్ వేలాది సన్నని గొట్టాలతో తేనెపట్టు లాంటి రేడియేటరును మోటారుకారుకు అమర్చాడు. ఇంగ్లండులో రిచర్డ్ సెలిగ్మన్ 1923లో పలకలను వరసగా బిగించి పాలు కాచే ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజరును మార్కెట్లోకి తెచ్చాడు. కారు రేడియేటర్లు మాత్రం చాలాకాలం రాగి, ఇత్తడితో చేసి మాటు వేసినవే.

అల్యూమినియం ఎందుకు ఆలస్యంగా వచ్చిందంటే, దాన్ని అతకడం కష్టం. గాలి తగిలిన మరుక్షణం దాని మీద ఏర్పడే ఆక్సైడు పొర రెండు వేల డిగ్రీలు దాటితే గాని కరగదు. కింది లోహమేమో 660 డిగ్రీలకే కరుగుతుంది. ఈ చిక్కుకు దొరికిన జవాబు బ్రేజింగ్ షీట్. మాంగనీసు కలిపిన అల్యూమినియం దిమ్మకు పైనా కిందా సిలికాన్ కలిపిన అల్యూమినియం పలకలు పేర్చి, కాల్చి, రోలర్ల మధ్య నడిపిస్తారు. జానల మందమున్న దిమ్మ చివరికి మిల్లీమీటరులో మూడో వంతుకు దిగినా పొరల నిష్పత్తి దాదాపు చెక్కుచెదరదు. ఆ రేకులను గొట్టాలుగా, రెక్కలుగా మలిచి, బిగించి, 600 డిగ్రీల కొలిమిలోకి పంపితే 577 డిగ్రీలకే కరగడం మొదలుపెట్టిన పైపొర ప్రతి సందులోకీ తానే పాకి వేలాది అతుకులను ఒక్కసారే వేస్తుంది, ఇదే బ్రేజింగ్. లోపలి పొర కరగదు, ఆకారం చెడదు. నా దృష్టిలో ఈ కథలోకెల్లా తెలివైన ఘట్టం ఇదే.

అతుకు కుదిరినా తుప్పు పీడ పోలేదు. ఆక్సైడును చెదరగొట్టే తొలినాటి ఫ్లక్సులు క్లోరైడు లవణాలు. కడగగా మిగిలిన కొంచెమే తరువాత గొట్టాన్ని తినేసేది. శూన్యంలో బ్రేజింగ్ చేయడం ఒక మార్గమైంది. 1980 ప్రాంతంలో కెనడా సంస్థ ఆల్కాన్ తెచ్చిన నోకొలాక్ మరొకటి. ఈ పొటాషియం ఫ్లోరోఅల్యూమినేట్ ఫ్లక్సు అవశేషం నీటిలో దాదాపు కరగదు, కడగనక్కరలేదు. నైట్రోజన్ నింపిన కొలిమిలో కార్ల రేడియేటర్లు బారులు తీరడం అప్పటినుంచే ఊపందుకుంది.

ఆ దశకంలోనే మరో చమత్కారం బయటపడింది. బ్రేజింగ్ వేడిలో పైపొర సిలికాన్ కొంత లోపలి పొరలోకి ఇంకుతుంది. మొదట దాన్ని బెడదగానే చూశారు. లోపలి లోహం పాళ్లు సరిచూస్తే, ఇంకిన చోట సూక్ష్మమైన మాంగనీసు కణాలు కిక్కిరిసి ఒక సన్నని పట్టీ ఏర్పడుతుందని తేలింది. తుప్పు లోతుకు దూసుకుపోకుండా ఆ పట్టీ వెంబడి పక్కలకు పాకుతుంది. దానితో గొట్టానికి చిల్లు పడడం ఎంతో ఆలస్యమవుతుంది. వీటికి లాంగ్ లైఫ్ మిశ్రమాలని పేరు వచ్చింది. నీరు పారే వైపు జింకు కలిపిన పొర వేసే వాడుకా స్థిరపడింది.

ఇతర లోహాల్లోనూ ఇదే బాట. రోలింగుతో తేలికగా అతకని టైటానియం, ఉక్కులను 1960ల నుంచి డ్యూపాంట్ సంస్థ పేలుడు తాకిడితో అతికించింది. రసాయన కర్మాగారాల్లోని ఎక్స్ఛేంజర్ల మందపాటి పలకలకు అది వరమైంది. 1985లో ఆస్ట్రేలియాలో పుట్టిన హీట్రిక్ సంస్థ, కాలువలు చెక్కిన పలుచని పలకలను పేర్చి, కరిగించకుండానే వేడితో, ఒత్తిడితో ఏకం చేసింది.

గాలిని ద్రవంగా మార్చే ప్లాంట్లకూ బ్రేజింగ్ షీటే ఆధారం. ఆక్సిజన్ ద్రవమయ్యే మైనస్ 183 డిగ్రీల చలిలోనూ అల్యూమినియం పెళుసుబారదు గనుక, మడతల రేకులను పొరల పలకల మధ్య పేర్చి అతికిన దిమ్మలే ఇలాంటి ఆధునిక ప్లాంట్లకు ప్రధాన హీట్ ఎక్స్ఛేంజర్లు. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రోగుల కోసం దేశంలోని తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు విశాఖ ఉక్కు కర్మాగారంలో ద్రవ ఆక్సిజన్ నింపుకుని మహారాష్ట్రకు బయలుదేరినప్పుడు, ఈ రేకుల పరిశ్రమ పేరు ఎవరి నోటా వినిపించలేదు.

ఇప్పుడు విద్యుత్ వాహనాల బ్యాటరీల కింద పరిచే చల్లార్పు పలకలకూ ఇదే రేకు వాడుతున్నారు. కొత్త తరం ముందున్న పని వేరు. పాత రేడియేటరును కరిగిస్తే పొరలన్నీ కలిసిపోయి సిలికాన్ లోహమంతా వ్యాపిస్తుంది. ఆ లోహం పోత పనికి సరిపోతుంది గాని మళ్లీ లోపలి పొరగా మారడానికి పనికిరాదు. కాబట్టి తుక్కు సిలికానును ఓర్చుకోగల లోపలి మిశ్రమాల మీదా, పొరలను వేరు చేసే దారుల మీదా ప్రయోగశాలల్లో పని నడుస్తోంది.