గని కప్పు ముందుగా చెప్పు మాట

మన విజయనగర ప్రాంతమువారికి గని యనగానే ముందుగా మనస్సునకు వచ్చునది బొగ్గు కాదు, మాంగనీసు. 1892లో కోడూరువద్ద ఆరంభమైన త్రవ్వకములే భారతదేశమున మాంగనీసు పరిశ్రమకు నాంది. నాడు ఈ ప్రాంతమంతయు విశాఖపట్టణము జిల్లాలోనిది; విజయనగరము జిల్లా 1979లో గాని ఏర్పడలేదు. లూయీ లీ ఫెర్మరు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇచ్చటి వింత శిలాజాతికి కోడూరు పేరుమీదనే ‘కోడురైటు’ అని నామకరణము చేసెను. 1909లో ఆయన వెలువరించిన మాంగనీసు గ్రంథములో మన గర్భాము, కోడూరు గనులను గూర్చి వివరముగా వ్రాసెను.

అయితే మన గనులు ప్రధానముగా ఆకాశమునకు తెరచియున్న గోతులు. అందు ప్రక్కగట్లు విరిగిపడు భయము కలదు గాని నెత్తిపై కప్పు కూలు భయము తక్కువ. ఆ భయమును, దానిని ముందుగా కనిపెట్టుటకు మనుష్యుడు పడిన పాట్లను తెలిసికొనవలెనన్నచో గోదావరి ఆవలి సింగరేణి బొగ్గుబావులలోనికి దిగవలసినదే.

1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందెను. సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు 1920లో వచ్చినది. నేల క్రింద బొగ్గును త్రవ్వునపుడు కొంత త్రవ్వి, కొంత స్తంభములుగా విడిచిపెట్టుదురు. పైనున్న కొండంత బరువును ఆ స్తంభములే మోయును. చివరకు ఆ స్తంభములను గూడ తీయుదురు. అప్పుడు వెనుక మిగులు ఖాళీ స్థలమును ‘గోఫ్’ అందురు. అందులో కప్పు కూలవలసినదే, కూలుటయే మేలు. కూలక సజ్జవలె వ్రేలాడినచో ఆ బరువంతయు పనిచేయువారి తలపైనున్న రాతిమీదికి వచ్చును. కావున గనివాని ప్రశ్న కప్పు కూలునా అన్నది కాదు. ఎప్పుడు, ఎచ్చట అన్నదే.

ఈ ప్రశ్నకు మొదట జవాబు చెప్పినది కఱ్ఱ. మన పల్లెలో పెంకుటింటి దూలము కిఱ్ఱుమన్నపుడు ఇంటిపెద్ద తలయెత్తి చూడడా? గనిలో నిలిపిన కఱ్ఱ దిమ్మ సైతము బరువు మీద పడగానే మూలుగును, పైభాగమున నార చీలి పువ్వువలె విచ్చుకొనును. ఆ మూలుగు విని బయటకు పరుగెత్తి బ్రతికినవారు అన్ని దేశముల గనులలోను గలరు. ఇనుప స్తంభము బలమైనదే కాని అంతగా మాటకారి కాదు. ఆ కారణమున పాతకాలపు గనివారు ఇనుమును ఒక పట్టాన నమ్మలేదనుట వింత గాదు.

రెండవది చెవి. గని సర్దారు కఱ్ఱతోనో గడ్డపలుగుతోనో కప్పును తట్టి చూచును. సంతలో కుండ కొనువారు మొట్టి చూచు పద్ధతియే యిది. గట్టిరాయి ఖంగున మ్రోగును; పొర విడిన రాయి డొల్లగా పలుకును. చవుకైన పరీక్ష, మంచి పరీక్ష. కాని విడివడిన పొర దళసరియైనచో చెవి మోసపోవును. నాలుగైదడుగుల పైన ఏర్పడిన చీలికను పలుగు పసికట్టజాలదు. మరియొక చిక్కు కూడ నుండెను. నింపిన టబ్బుల లెక్కన కూలి పొందువానికి దిమ్మ నిలుపుటకు పోవు గంట నష్టముగా కనిపించును. హెచ్చరిక వినబడియు మరియొక టబ్బు నింపుదమని నిలిచిన చేతులను తప్పుపట్టుటకు ముందు ఆ కూలి లెక్కను చూడవలెనని నా అభిప్రాయము.

రాయి తనంతట తాను మాటాడునను సంగతి శాస్త్రజ్ఞులకు కొంత యాదృచ్ఛికముగా తెలిసినది. 1930ల చివర అమెరికా గనుల శాఖలో ఓబర్టు, డువాల్ అనువారు గని స్తంభములలో ధ్వని వేగమును కొలుచుచుండగా, తాము పుట్టింపని చిటపట శబ్దములు యంత్రములో వినవచ్చెను. ఒత్తిడికి లోనైన రాయి సన్నగా పగులుచు చేయు శబ్దములవి. తెలుగువారు, తమిళులు తరతరములుగా పనిచేసిన కోలారు బంగారు గనులలో రాయి తుపాకి గుండువలె ప్రేలుచుండెను. అచ్చట భూకంపమాపకముల వంటి పరికరములతో ఆ ప్రేలుళ్ల తావులను గుర్తించిరి. ఆ గనులు 2001లో మూతపడినవి.

మన దేశమున 1956లో ధనబాదులో గనుల పరిశోధనా కేంద్రము వెలసినది. కప్పు స్వభావమును అంకెలలో కొలుచు పద్ధతి 1980లలో అచ్చట రూపొందినది. దానిపై పనిచేసినవారిలో వి. వెంకటేశ్వర్లు, ఎన్. ఎం. రాజు ఉండిరి. పొరల మందమునకు 30, రాతి నిర్మాణములోని లోపములకు 25, గాలి తేమలకు చెడు గుణమునకు 20, బలమునకు 15, ఊటనీటికి 10, వెరసి నూరు మార్కులు! బడిపిల్లవానికి వలె రాతికి పరీక్ష పెట్టి, వచ్చిన మార్కులనుబట్టి ఎన్ని ఆధారములు నిలుపవలెనో నిర్ణయింతురు.

దిమ్మలకు బదులు కప్పులోనికి ఇనుప బోల్టులు దిగగొట్టు పద్ధతి వ్యాపించిన పిమ్మట కఱ్ఱ మూలుగు నిలిచిపోయినది. 1993లో ఇంగ్లండులోని బిల్స్‌థార్పు గనిలో అట్టి బోల్టుల కప్పు కూలి ముగ్గురు మరణించిరి. కఱ్ఱకు మారుగా మాటాడు సాధనము కావలసివచ్చెను. అదియే ‘టెల్‌టేల్’, అనగా చాడీకోరు! కప్పులో లోతుగా రంధ్రము చేసి, పైన గట్టిరాతిలో తీగ బిగించి, క్రింద రంగుపట్టీలు గల గొట్టమును వ్రేలాడదీయుదురు. కప్పు దిగుకొలది పట్టీలు ఒక్కొక్కటే మరుగగును. ఆకుపచ్చ మాయమై పసుపు, పసుపు మాయమై ఎఱుపు. రెండు తీగలు గలవానిలో ఒకటి బోల్టుల ఎత్తులోపలి కదలికను, రెండవది అంతకు పైనున్న కదలికను తెలుపును. రెండవది కదలుట మరింత ప్రమాదము. అప్పుడు బోల్టులతో సహా కప్పు మొత్తము దిగుచున్నదన్నమాట. నేడు వెలిగి ఆరు దీపముతో దూరమునుండియే హెచ్చరించునవి కూడ వచ్చినవి. లాంగ్‌వాల్ గనులలో కప్పును మోయు యంత్రస్తంభముల కాళ్లలోని పీడనము నిమిష నిమిషమునకు లెక్కకు వచ్చుచుండును.

ఇన్ని యుండియు 2003లో గోదావరిఖని 8ఏ గనిలో కప్పు కూలి పదిమంది మరణించిరి. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు మరణించిరి. వారిలో అధికారులు గూడ గలరు. హెచ్చరికకును కూలుటకును నడుమ దొరకు వ్యవధి ఒకప్పుడు రోజులు, ఒకప్పుడు క్షణములు. కప్పును సరిచేయుటకు ఎవరో ఒకరు దాని క్రిందికే పోవలెను. ఏ యంత్రమును ఈ పనిని ఇంతవరకు పూర్తిగా తప్పింపలేదు.

2017 నాటి బొగ్గు గనుల నిబంధనలు కప్పును అదుపుచేయుటకు, దాని కదలికలను కనిపెట్టుచుండుటకు ప్రతి భూగర్భ గనికిని వ్రాతపూర్వకమైన ప్రణాళిక యుండవలెనని విధించినవి. రంగుపట్టీలు, దీపములు, పీడనమాపకములు అన్నియు అందులోనివే. అయినను పాళీ మొదట సర్దారు కప్పును తట్టి చూచు ఆచారమును మాత్రము ఎవరును మానుమనలేదు.