లా ఫోచే కొండవాలు మీద

గాలి మొహాన కొడుతోంది. కళ్లు తెరిస్తే దుమ్ము. ఇటలీలో, సియెనాకు దక్షిణాన, వాల్ దోర్చా లోయ అంచున ఒక పాత ఇంటి ముందు నిలబడి ఉన్నారు మీరు. 1924వ సంవత్సరం. కింద లోయ పొడవునా బూడిదరంగు బంకమట్టి దిబ్బలు. గడ్డి కూడా సరిగా పట్టదు. వాటి వెనక, ఆకాశానికి ఆనుకుని, అమియాతా కొండ.

మీరిప్పుడు ఐరిస్ ఒరిగో స్థానంలో ఉన్నారు. కొత్త పెళ్లికూతురు. ఈ ఎస్టేటు పేరు లా ఫోచే. భర్త ఆంతోనియో చూపంతా పొలాల మీద, కోసుకుపోయిన గట్ల మీద. మీ చూపు మాత్రం ఇంటి చుట్టూ ఉన్న ఎండు నేల మీద. ఇక్కడ తోట వేయాలి.

వంగి ఒక పెళ్ల తీయండి. రాయిలా ఉంది. వేళ్లతో నలిపితే నలగదు. వాన పడితే ఇదే మట్టి చెప్పుల్ని ఊడబెరుకుతుంది. మీ మనసులో మెదులుతున్నవి ఇంగ్లండు ఇళ్ల పూలబాటలు, చల్లని నేలలో ఒత్తుగా పూసే మొక్కలు. ఇక్కడి ఎండకు, ఈ గాలికి అవి ఒక్క వేసవి కూడా నిలవవు. వాటిని వదులుకోగలరా?

అంతకంటే ముందు ఇంకో ప్రశ్న. నీళ్లెక్కడ?

స్నానానికే కరువుగా ఉంది. 1498లో సియెనాలోని సాంతా మరియా దెల్లా స్కాలా ఆసుపత్రి వాళ్లు దారినపోయే యాత్రికులు తల దాచుకోవడానికి కట్టించిన సత్రం ఈ ఇల్లు. తలుపు, కప్పు ఉంటే చాలనుకున్నారు. తోట ఎవరి ఆలోచనలోనూ లేదు. నీళ్ల దారి తేలేదాకా కాగితం మీద గీత కూడా గీయకండి.

ఆ దారి చూపింది అమెరికాలో ఉన్న మీ నానమ్మ. ఆవిడ ఇచ్చిన కానుక ఒక గొట్టపు లైను. పైన బీచ్ చెట్ల అడవిలో ఉన్న ఊట నుంచి దాదాపు 10 కిలోమీటర్లు నేల తవ్వి నీళ్లు దించుకున్నారు. మనవరాలికి ఇంతకంటే మంచి కానుక ఇంకెవరైనా ఇచ్చి ఉంటారా! చెయ్యి పెట్టి చూడండి. ఎంత చల్లగా ఉన్నాయో.

ఇప్పుడు గుంజలు, పురికొస తీయండి. పక్కన ఉన్నది సెసిల్ పిన్సెంట్. ఇంగ్లీషు ఆర్కిటెక్టు, చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి. ఫియెసోలేలో మీ అమ్మగారి విల్లా మెడిచిలో పనిచేశాడు. కళా చరిత్రకారుడు బెరెన్సన్ ఇల్లు ఇ తాత్తి తోటా ఆయన గీసిందే. ఏ పూలు వేద్దామన్నది తర్వాత సంగతి. ముందు ఇంటి తలుపు తీసి, గడపలో నిలబడి ఎదురుగా చూడండి. గోడ గీత ఎక్కడ ఆగిందో అక్కడ పురికొస కట్టి తోటలోకి లాగండి. ఇల్లు అక్కడితో అయిపోకూడదు. బయట కూడా గదులు లేవాలి. గోడలకు బదులు బాక్స్‌వుడ్ కంచె, కప్పుకు బదులు ఆకాశం.

ఇంటిని ఆనుకుని ఒక చిన్న గది. నడుమ డాల్ఫిన్ల ఫౌంటెన్. దాన్ని దాటితే నిమ్మచెట్ల గది. ఎర్రమట్టి కుండీలు రాతి దిమ్మల మీద వరసగా నిలబడ్డాయి. నేలలో నాటకుండా కుండీలెందుకు? జనవరిలో ఈ లోయలో మంచు పడుతుంది. ఒక్క రాత్రి చాలు, నిమ్మచెట్టు నల్లబడిపోతుంది. అందుకే చలి ముదరక ముందే ఒక్కొక్క కుండీనీ మనుషులు మోసుకుంటూ లిమొనాయాలోకి, అంటే ఎండ సోకే పెద్ద కిటికీల గదిలోకి చేరుస్తారు. వసంతం రాగానే మళ్లీ బయటికి. ఒక కుండీ అంచు పట్టుకుని కదిలించండి. కదలదు. ఇంత బరువును ఏటా రెండుసార్లు మోయించడానికి మీరు సిద్ధమేనా? అయితేనే నిమ్మ పెట్టండి. లేదంటే లావెండర్ చాలు.

కొండ వంపు వెంట పొడుగాటి పందిరి వేసి విస్టీరియా పాకించారు. దాని కింద నడుస్తుంటే నీడ ఒంటికి హాయిగా ఉంది. అడవి అంచు దాకా వెళ్లొచ్చు.

ఇక అన్నిటికంటే కష్టమైన చోటు. ఇంటి కింద వాలు సూటిగా పడిపోతోంది. నేల మూడు మూలలుగా ఉంది, ఏ కొలతకూ లొంగదు. మట్టి పోసి చదరం చేయాలా? వద్దు. ఆ మూడు మూలల్నే వాడుకోండి. పై గట్టు నుంచి రెండువైపులా ట్రావర్టైన్ రాతిమెట్లు దిగుతాయి. మెట్ల కింద చల్లని గుహ. బాక్స్‌వుడ్ వరసలు ముందుకు సాగేకొద్దీ దగ్గరపడతాయి. కొసన నీటితొట్టి, రాతి అరుగు. పైనుంచి చూడండి. వరసల వెంట జారిన చూపు కొసన ఆగదు. లోయ దాటి అమియాతాను తాకుతుంది. కొండను తోటలోకి లాక్కొచ్చిన పని ఇది. నన్నడిగితే లా ఫోచేలో ఇంతకు మించిన చోటు లేదు.

1939. యుద్ధం మొదలైంది.

1944 జూన్ 22. నేలమాళిగలో ఉన్నారు. చుట్టూ పిల్లలు. బాంబుల భయానికి జెనోవా, తురిన్ నుంచి పంపేస్తే మీరు చేరదీసిన పిల్లలు. చంకలో మీ సొంత పాప. పైన గుండ్లు పడుతున్నాయి. గోడలు అదురుతున్నాయి. జర్మన్ సైనికులు చెప్పేశారు. వెళ్లిపొండి. వెంటనే.

తోట వైపు చూడకండి. టైం లేదు.

మోంతెపుల్చానో దాకా నడక. దాదాపు 60 మంది. దారి మధ్యలోనే నడవండి. అంచుల్లో మందుపాతరలు. గుంపుగా వద్దు. విమానం నుంచి చూస్తే సైన్యం అనుకుంటారు. చెయ్యి వదలకండి. పాప ఏడుస్తోంది. ఆగకండి. నడవండి.

ఊరు కనిపించింది. మనుషులు ఎదురొస్తున్నారు. పిల్లల్ని ఎత్తుకుంటున్నారు. అందరూ చేరారు.

కొద్దిరోజులకు యుద్ధరంగం ఉత్తరానికి జరిగింది. తిరిగొచ్చారు. ఇల్లు దోచేశారు. మీ ఉత్తరాలు, ఫొటోలు తోటలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. మడుల్లో మెషిన్‌గన్ కందకాలు, గుండ్లు పడిన గోతులు. నిమ్మచెట్లను కుండీల్లోంచి పీకేసి పడేశారు. వేర్లు ఎండలో ఉన్నాయి.

చెట్లు పోతే మళ్లీ పెంచుకోవచ్చు. గట్లు, మెట్లు, బాక్స్‌వుడ్ వరసలు ఎటు వెళ్లాలో నేలే చెబుతోంది. కందకాలు పూడ్చే మనుషులు రావడానికి రోజులు పడుతుంది. పొలాల్లో ఇంకా మందుపాతరలున్నాయి, అందరూ భయపడుతున్నారు. మీ చేతిలో ఉన్నది ఈ పూట.

అడుగు వేసేముందు నేల చూసుకోండి. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో నిమ్మచెట్టు కాండాన్నీ గోటితో గీరి చూడండి. బెరడు కింద పచ్చగా ఉన్నవాటిని వేరు చేయండి. తడిగోనె చుట్టి నీడకు మోయించండి. కుండీల సంగతి తర్వాత.